గేటు కింది సగం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోను చేసి, "అమెరికాలో ఉంటున్నావు కదా, పదిమందికి పనికొచ్చేది ఏదైనా పావుగంట మాట్లాడు" అన్నారు. నేను ముప్పయ్యేళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నవాణ్ణి. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలోనే పాతికమంది ఉంటారు. అందుకని నేను ఇనుప చట్రానికి రంగు వేయడం గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఆ రంగు కింద ఈ బడికి నేను పడ్డ బాకీ ఒకటుంది. మా క్రాఫ్టు మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి అది ఇవాళ ఒప్పుకోవాలి.

నేనుండేది ఒహాయో రాష్ట్రంలో. అక్కడి జనం సెలవులొస్తే కారు వెనక చిన్న బండి తగిలించుకుని అడవులకో, సరస్సుల ఒడ్డుకో పోయి రెండు మూడు రాత్రులు గడిపి వస్తారు. ఆ బండ్లలో టియర్‌డ్రాప్ అని ఒక రకం ఉంది. పక్కనుంచి చూస్తే కన్నీటిబొట్టును పడుకోబెట్టినట్టుంటుంది. లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక మూత ఎత్తితే చిన్న వంటగట్టు, అంతే. 1930లలో మొదలై, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంకా వ్యాపించింది. చేతిపని వచ్చినవాళ్ళు ఇంట్లోనే చేసుకోవడానికి అప్పటి పత్రికలు కొలతలతో సహా నమూనాలు అచ్చువేసేవి. సొంతంగా చేసుకునే ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

ఉద్యోగం ముగిశాక మా మనవరాలు ఒకరోజు అలాంటి బండిని చూసి, "తాతా, నువ్వు చెయ్యగలవా?" అంది. దానికప్పుడు ఏడేళ్ళు. ఏడేళ్ళ పిల్ల అడిగితే చేతకాదని చెప్పడం కష్టం. ఒక కాలేజీలో సాయంత్రం క్లాసులకు పోయి వెల్డింగు నేర్చుకున్నాను. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున చట్రం అతికాను. రెండంగుళాలు బై మూడంగుళాల ఇనుప గొట్టాలు, గోడ మందం అంగుళంలో ఎనిమిదో వంతు. కింద ఇరుసు, ముందు నొగ. అవును, మన ఎడ్లబండికి ఉండే నొగే. చివర కాడికి బదులు, కారు వెనకున్న ఇనుప గుండుకు తగులుకునే కప్లరు ఉంటుంది.

అక్టోబరు వచ్చింది. చలి ముదిరేలోపు రంగు వేసెయ్యాలని తొందర. కొత్త ఇనుము, నల్లగా నున్నగా మెరుస్తోంది. తుప్పు ఎక్కడా లేదు. గుడ్డతో తుడిచి, స్ప్రే డబ్బాలు తెచ్చి మూడు పూతలు కొట్టాను. ఫొటో తీసి మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మీలో చాలామంది బొటనవేలు ఎత్తారు కూడా.

ఒహాయోకు సముద్రం లేదు. కానీ ఉప్పుకు కొదవ లేదు. ఈరీ సరస్సు అడుగున ఉప్పు గనులున్నాయి. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి రాళ్ళుప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు చక్రాల నుంచి ఎగిరి బండి అడుగునంతా తడిపేస్తాయి. ఆ చలికాలంలో ప్లైవుడ్ తెచ్చుకోవడానికి నాలుగైదుసార్లు ఆ చట్రాన్నే కారుకు తగిలించుకుని వెళ్ళాను. ఏప్రిల్లో చూస్తే నొగ అడుగున రంగు పొక్కులు పొక్కింది. గోరు పెట్టి గీరితే రంగు పెచ్చుగా ఊడొచ్చింది. పెచ్చు వెనక నీలినలుపు పొర, దాని కింద ఎర్రటి తుప్పు.

నేను ఇనుమనుకున్న ఆ నున్నటి నలుపు అసలు ఇనుమే కాదు. కర్మాగారంలో ఎర్రగా కాలిన ఉక్కును రోలర్ల మధ్య సాగదీసేటప్పుడు, గాలి తగిలి పైన కట్టే పొర అది. మిల్ స్కేల్ అంటారు. గట్టిగా అంటుకున్నట్టే కనిపిస్తుంది కానీ పెళుసు. పగుళ్ళిస్తుంది. పగుళ్ళలోకి తేమా ఉప్పూ చేరితే, పొర లేచిన చోట ఉక్కు ఇంకా త్వరగా తినేస్తుంది. నా రంగు పొరను బాగానే పట్టుకుంది. పొరే ఇనుమును వదిలేసింది.

ఆ పెచ్చు చేతిలో పట్టుకుని నిలబడితే నాకు మన బడి గేటు గుర్తొచ్చింది.

1982, జులై నెల. నేను తొమ్మిదో తరగతి. ఆగస్టు 15కి గేటుకు రంగు వేయాలని క్రాఫ్టు మాస్టారు నలుగురికి అప్పగించారు. వైరు బ్రష్షు, ఉప్పుకాగితం, కిరసనాయిలు, రెడ్ ఆక్సైడు డబ్బా, ఆకుపచ్చ ఎనామిల్ డబ్బా ఇచ్చారు. "ముందు తుప్పు గీకండి. ఇనుము తెల్లగా కనపడేదాకా రుద్దండి. రంగు సంగతి తర్వాత" అన్నారు. పై సగం నిలబడి రుద్దవచ్చు, రుద్దాం. కింది సగానికి బురదలో గొంతుక్కూర్చోవాలి. మన సముద్రపు గాలికీ, వానచినుకుల చిందుకూ అక్కడే తుప్పు దళసరిగా ఉంది. అవతల మైదానంలో క్రికెట్ మొదలైంది. మాలో ఒకడికి తోచింది. రెడ్ ఆక్సైడు రంగూ తుప్పు రంగూ ఒకటే కదా, ఎవరికి తెలుస్తుంది? తుప్పు మీదే పూసేశాం. తెల్లారి దాని మీద పచ్చరంగు. మాస్టారు వచ్చి చూసి భుజం తట్టారు.

సంక్రాంతికి ముందే కింది సగమంతా పొక్కిపోయి ఊడింది. అప్పటి హెడ్‌మాస్టరు గారు మా ఎదుటే, "ఏం రంగు కొన్నారండీ?" అని మాస్టార్ని అడిగారు. ఆయన, "నేను చూసుకోవాల్సిందండీ" అన్నారు. మేం నలుగురం అక్కడే ఉన్నాం. ఒక్కరం నోరు విప్పలేదు. సంక్రాంతి సెలవుల్లో అటుగా పోతుంటే మాస్టారు ఒక్కరే పాతలుంగీ కట్టుకుని, గేటు కింద కూర్చుని రుద్దుతున్నారు. నేను సైకిలు దిగలేదు.

ఆ నలుగురిలో ఒకడు ఇవాళ లేడు. మిగతా ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

సరే, ఒహాయోకు వద్దాం. ఊడినచోట మటుకు గీకి పైన ఇంకో పూత వేస్తే సరిపోతుందని ఒక మనసు చెప్పింది. కానీ ఈసారి రుద్దాల్సింది నేను, మోసపోయేదీ నేనే. ఇరుసు విప్పి, చట్రాన్ని తలకిందులు చేసి, రంగు మొత్తం తీసేశాను. ముందు నూనె తీసే ద్రావకంతో కడగాలి. జిడ్డు మీద గ్రైండరు పెడితే ఆ జిడ్డు అంతటా పాముకుపోతుంది. తర్వాత నల్లపొర పోయి ఇనుము తెల్లబడేదాకా రుద్దాను. పది రోజులు పట్టింది.

ఏడో రోజున, నొగ చట్రానికి కలిసే చోట ఒక అతుకు పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. దాంట్లోంచి గోధుమరంగు చార. అనుమానమొచ్చి పగుళ్ళు పట్టే ద్రవాలు తెచ్చాను. ముందు ఎర్ర ద్రవం పూసి కాసేపు ఆగాలి. దాన్ని తుడిచేసి పైన తెల్లది చల్లితే, పగులులో దాక్కున్న ఎరుపు పైకి ఊరుతుంది. రెండంగుళాల పొడవున ఎర్రగీత తేలింది. నా వెల్డింగు పైకి ముద్దగా అందంగానే ఉంది, లోపల ఇనుము ఇనుముతో కలవలేదు.

దాని అర్థం చెబుతాను. బండి కారు నుంచి ఊడినా విడిపోకుండా రెండు గొలుసులు ఉంటాయి. ఆ గొలుసులు తగిలించేది నొగకే. నొగ చట్రం దగ్గర విరిగిందంటే, గొలుసులు నొగను పట్టుకుని కారు వెంట పోతాయి. బండి మటుకు గంటకు అరవై మైళ్ళ వేగంతో వెనకొచ్చే కారు మీదికి పోతుంది. ఆ వెనక కారులో ఎవరుంటారో నాకు తెలియదు. ముందు కారులో మా అమ్మాయీ మనవరాలూ ఉండేవారు. అక్టోబరులో నేను వేసిన మూడు పూతలూ ఆ గీతను చక్కగా కప్పిపెట్టాయి.

అనుభవమున్న వెల్డరును పిలిచాను. ఆయన ఆ అతుకును చెక్కి తీసేసి, మళ్ళీ అతికి, మూలకు మూడుకోణాల పలక వేశాడు. మిగతా అతుకులన్నీ ఎర్ర ద్రవంతో చూశాకే రంగు డబ్బా మూత తీశాను.

ఇంట్లో గేటో, గ్రిల్లో, ఏదో ఒకటి అందరికీ ఉంటుంది కాబట్టి, రెండోసారి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. ఇనుము గాలిలోని మంచుబిందువు కంటే కనీసం మూడు డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉండాలి. లేకపోతే చన్నీళ్ళ చెంబు చెమర్చినట్టు కంటికి కనపడని తడి పడుతుంది. రంగు ఆ తడి మీద నిలుస్తుంది, ఇనుము మీద కాదు. వానాకాలంలో సాయంత్రాలు రంగు వేయవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే. తడి రంగు పదునైన అంచుల నుంచి పక్కకు లాక్కుపోతుంది. అందుకే ముందుగా అంచులకూ, అతుకులకూ, కంతల చుట్టూ కుంచెతో ఒక పూత వేసి, తర్వాత మొత్తానికి వేయాలి. నేను ప్రైమరుగా రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ వాడాను. డబ్బా మీద రాసిన పాళ్ళు, ఆగాల్సిన సమయం, మళ్ళీ పూయాల్సిన గడువు తప్పకూడదు. చేతులకు తొడుగులు, ముఖానికి సరైన మాస్కు తప్పనిసరి. పైపూతగా రెండు పాళ్ళ పాలీయురెథేన్ గట్టిదే కానీ, అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇంటి షెడ్డులో అది స్ప్రే చేయడం ఊపిరితిత్తులతో చెలగాటం. నేను ఒంటి డబ్బా ఎనామిలే కుంచెతో వేశాను.

రంగు వేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. కప్లరులో గుండు కూర్చునే గిన్నెకు గ్రీజే ఉండాలి. చక్రం ఆనే ముఖానికి దళసరిగా రంగు వేస్తే, అది నలిగి నట్లు వదులవుతాయి. దీపాల ఎర్తు వైరు తగిలే చోట ఇనుము బోడిగా ఉండాలి, బిగించాక పైన గ్రీజు రాయాలి. రాగి మందు పట్టించిన చెక్కను నేరుగా ఇనుము మీద పెడితే ఇనుము తుప్పు పడుతుంది. నేను మామూలు ప్లైవుడ్డే వాడి, మధ్యన బ్యూటైల్ పట్టీ పరిచాను. గొట్టాలలోకి మైనపు మందు కొట్టి, అడుగున నీళ్ళు కారే కంతలు పెట్టాను. చేతికి అంటనంత మాత్రాన రంగు గట్టిపడినట్టు కాదు. వారం ఆగి బోల్టులు బిగించాను.

బండి పూర్తయింది. రెండు చలికాలాలు గడిచాయి. ప్రతి ఏప్రిల్లోనూ అడుగు కడిగి, రాళ్ళు తగిలి లేచిన చోట్ల గీకి, చిన్న సీసాలో దాచిన రంగు పెడతాను. నేను అడుగున పడుకుంటే మనవరాలు టార్చి పట్టుకుంటుంది. "ఇక్కడ ఎవరు చూస్తారు తాతా?" అని ఒకసారి అడిగింది. నేను దానికి మన గేటు కథ మొత్తం చెప్పాను. అంతా విని, "మరి మాస్టారికి సారీ చెప్పావా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మాస్టారూ, ఆ రంగు మంచిదేనండీ. తప్పు మాది. హెడ్‌మాస్టరు గారి ముందు మీరు మాట పడుతుంటే నోరు మూసుకున్నాం. ఇన్నేళ్ళకు చెబుతున్నాను, క్షమించండి.

నిన్న సాయంత్రం వచ్చి చూశాను. గేటు మారింది, పాతది లేదు. కానీ సైకిలు స్టాండు స్తంభాలు అప్పటివే. మోకాలెత్తు వరకూ తుప్పు పట్టి ఉన్నాయి. హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకున్నాను. రేపు ఆదివారం, ఉదయం ఏడు గంటలకు మా బ్యాచి వాళ్ళం వస్తున్నాం. బ్రష్షులు, ఉప్పుకాగితం, అద్దాలు, మాస్కులు తెచ్చాను. రాదల్చుకున్న పిల్లలూ పెద్దలూ పాతబట్టలు వేసుకుని రండి. రేపు గీకడమే, రంగు ఎల్లుండి.

మాస్టారూ, మీకు చెట్టు కింద కుర్చీ వేయిస్తాను. మీరు వంగి కింది భాగం చూసి, సరే అన్నాకే రంగు డబ్బా మూత తీస్తాం.