పై అంతస్తుకు చేరని మాట

విమానం ఆలస్యమైనప్పుడు విమానాశ్రయంలో కౌంటరు వెనుక నిలబడి ఉన్న ఉద్యోగినిని మనలో చాలామంది చూసే ఉంటారు. ప్రయాణికుల ఆగ్రహమంతా ఆమె మీదనే. విమానం ఎప్పుడు వస్తుందో ఆమెకు తెలియదు. ఎందుకు రాలేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. వృద్ధులకు బస చూపించడానికి గాని, పసిపిల్లల తల్లికి మరొక విమానంలో చోటు ఇప్పించడానికి గాని ఆమెకు అధికారం లేదు. ఆమె చేతిలో ఉన్నది క్షమాపణ ఒక్కటే. తాను చేయని తప్పునకు, తాను దిద్దలేని తప్పునకు, తన పేరు గల బిళ్ళను ఎదపై ధరించి, గంటల తరబడి క్షమాపణ చెప్పుకోవడం ఆమె ఉద్యోగం. రేడియోలో పనిచేసే మాకు ఈ స్థితి కొంత పరిచితమే. తీగ ఎక్కడో తెగుతుంది. అంతరాయానికి చింతిస్తున్నామని చెప్పేది మాత్రం మైక్రోఫోను ముందు కూర్చున్న అనౌన్సరు. కాని మా చింత అరనిమిషంలో ముగుస్తుంది. పైగా మా ఎదుట జనం ఉండరు.

ఉద్యోగుల అసంతృప్తి అనగానే జీతాల మాట అని భావించడం లోకానికి అలవాటైపోయింది. జీతాల తగాదాలు లేవని కాదు. కాని విమానయాన సంస్థలలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఇంకొకటి ఉన్నది. "ఈ పని ఈ విధంగా సాగితే ఒకనాడు కుప్పకూలుతుంది. మేము చెబుతూనే ఉన్నాము. పైవారికి చెవికెక్కడం లేదు" అనేదే ఆ ఫిర్యాదు. ఈ మాట అనేవాడు సంస్థకు శత్రువు కాడు. సంస్థ ఏమైపోతేనేమి అనుకునేవాడు ఈ మాట అనడు. జీతం పుచ్చుకొని ఇంటికి పోతాడు. కనుక ఇటువంటి నిస్పృహ వెనుక ఎంతో కొంత అభిమానం ఉన్నదని గ్రహించాలి.

ఇక, బలహీనమైన నాయకత్వం అంటే ఏమిటి? మెత్తగా మాట్లాడే అధికారి బలహీనుడనీ, గద్దించేవాడు బలవంతుడనీ అనుకోవడం పొరపాటు. మన వాఙ్మయంలో బలహీన ప్రభువునకు ధృతరాష్ట్రుని మించిన ఉదాహరణ లేదు. ఆయన క్రూరుడు కాడు. హితవు వినని వాడూ కాడు. నిద్రపట్టని రాత్రి విదురుని పిలిపించుకొని, తెల్లవార్లూ నీతి చెప్పించుకొన్నాడు. చెప్పినదంతా నిజమేనని ఒప్పుకున్నాడు. ఐతే కుమారుని చూడగానే తన బుద్ధి మారిపోతున్నదని కూడా తానే ఒప్పుకున్నాడు. విదురుని మాట ఆయన చెవి దాకా వచ్చింది. చేతి దాకా రాలేదు. చెవికీ చేతికీ నడుమ తెగిపోయిన ఈ సంబంధమే నాయకత్వంలోని బలహీనత. సంస్థలోని విదురులకు దీని వల్ల కలిగే బాధ, తిరస్కారం వల్ల కలిగే బాధ కంటే ఎక్కువ. కాదన్నవానితో వాదించవచ్చు, ఔనని ఊరకుండేవానిని ఏమి చేయగలము?

ఇందుకు ఇటీవలి చరిత్రలో ఒక నిదర్శనం ఉన్నది. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అనే సంస్థ 1971లో టెక్సాస్ రాష్ట్రంలో మూడు నగరాల మధ్య విమానాలు నడపడంతో ప్రారంభమైంది. ఉద్యోగులను ఆదరించే సంస్థగా అది దేశమంతటా పేరు పొందింది. దాని స్థాపకులలో ఒకరైన హెర్బ్ కెల్లెహర్ కింది సిబ్బందితో కలిసిమెలిసి తిరగడంలో ప్రసిద్ధుడు. కాలక్రమాన సంస్థ పెరిగి దేశంలోని అతి పెద్ద విమానయాన సంస్థలలో ఒకటైంది. కాని ఏ పైలట్ ఏ ఊళ్ళో ఉన్నాడు, ఏ విమానానికి ఎవరిని పంపాలి అని నిర్ణయించే కంప్యూటరు ఏర్పాటు, ఆ పెరుగుదలకు తగినట్లు మారలేదు. చిక్కు వచ్చిన ప్రతిసారీ ఆ ఏర్పాటు తడబడుతున్నదని పైలట్ల సంఘం సంవత్సరాల తరబడి హెచ్చరించింది.

2022 డిసెంబరులో, క్రిస్మస్ పండుగ రోజులలో, దేశాన్ని పెద్ద మంచుతుఫాను కమ్ముకున్నది. అన్ని సంస్థల విమానాలూ ఆగినాయి. తుఫాను తగ్గగానే తక్కినవి తేరుకున్నాయి; సౌత్‌వెస్ట్ మాత్రం తేరుకోలేకపోయింది. విమానాలు ఒకచోట, వాటిని నడపవలసిన మనుషులు మరొకచోట చిక్కుకుపోయినారు. మార్పులు అంత వేగంగా వచ్చిపడగా కంప్యూటరు వాటిని అందుకోలేకపోయింది. తాము ఎక్కడ ఉన్నామో చెప్పుకోవడానికి పైలట్లు, విమాన పరిచారికలు కార్యాలయానికి ఫోను చేసి గంటల కొద్దీ కాచుకున్నారు. పనిచేయడానికి సిద్ధంగా ఉన్నవారు ఉన్నట్లు సంస్థకే తెలియలేదు. కొన్ని దినాలలో 16,900 విమానాలు రద్దయినాయి. 20 లక్షలకు పైగా ప్రయాణికులు పండుగనాడు దారిలో నిలిచిపోయినారు. ఆ మరుసటి సంవత్సరం అమెరికా ప్రభుత్వ రవాణా శాఖ ఆ సంస్థకు 14 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

2023 ఫిబ్రవరిలో అమెరికా సెనేటు సంఘం ఎదుట సంస్థ పక్షాన వచ్చిన ఉన్నతాధికారి తప్పు జరిగిందని అంగీకరించాడు. అదే సభలో పైలట్ల సంఘం అధ్యక్షుడు, తమ హెచ్చరికలు ఎట్లా గాలిలో కలిసిపోయినవో వివరించాడు. అటుపైన సంస్థ తన ఏర్పాటులను బాగుచేసుకోవడానికి పూనుకున్నది. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇక్కడ గమనించవలసినది, పై అధికారులలో ఎవరూ దుర్బుద్ధితో ప్రవర్తించలేదు. పాత ఏర్పాటు ప్రతి దినమూ ఏదో విధంగా పని గడుపుతూ ఉండగా, దానిని మార్చడానికయ్యే వ్యయమూ శ్రమా రేపటికి వాయిదా పడుతూ వచ్చినాయి. ఆ రేపు క్రిస్మస్ నాడు వచ్చింది.

మన దేశం సంగతి చూద్దాము. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా ఏర్పరచినారు. వాటిలో మన హైదరాబాదుకు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. విదేశాలకు పోయే విమానాలు ఎయిర్ ఇండియాకు చెందినాయి. ఈ రెండు సంస్థలనూ 2007లో ఒకటి చేశారు. కాగితం మీద కలపడం సులభమే. కాని రెండు చోట్లా జీతాల పద్ధతి వేరు, పదోన్నతి పద్ధతి వేరు, పనివేళల నియమాలు వేరు. ఎవరు ఎవరికి సీనియర్ అనేది ఎవరూ తేల్చలేదు. రెండు వైపుల సిబ్బందినీ ఎట్లా ఏకం చేయాలో సూచించడానికి జస్టిస్ ధర్మాధికారి సంఘాన్ని నియమించినది 2011లో! పెండ్లి జరిగిన నాలుగేండ్లకు కాపురం ఎక్కడ పెట్టాలని ఆలోచించినట్లయింది. ఈ నడిమి కాలంలో, అంటే 2007 నుండి 2011 వరకు, సంస్థ అధ్యక్షపీఠం మీద నలుగురు కూర్చున్నారు. ఒకరికి విన్నవించుకున్నది ఇంకొకరికి మొదటినుండి మళ్ళీ విన్నవించుకోవలసి వచ్చేది.

ఫలితం ఊహించగలిగినదే. 2011లో ఒకప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనాల కోసం సమ్మె చేశారు. 2012లో ఒకప్పటి ఎయిర్ ఇండియా పైలట్లు, కొత్త బోయింగ్ 787 విమానాల శిక్షణ ఎవరికి ఇవ్వాలనే వివాదంతో 58 దినాలు పని మానుకున్నారు. ఈ తగవులలో ఏ పక్షం న్యాయమైనదని తీర్పు చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. ప్రయాణికులు పడిన అగచాట్లను సమర్థించడం అంతకంటే కాదు. ఇరువురు సహోద్యోగులు ఒకరినొకరు పగవారుగా చూసుకునే స్థితి వచ్చినదంటే, వారి మధ్య తీర్పు చెప్పవలసిన పెద్ద ఆ తీర్పును వాయిదా వేసినాడన్నమాట. పెద్ద మౌనం వహించిన ఇంట్లో అన్నదమ్ముల మాటలు పెరుగుతాయి. 2022 జనవరిలో ఆ సంస్థ మళ్ళీ టాటాల చేతికి వెళ్ళింది.

ఆశ్చర్యమేమంటే, కిందివారి మాట వినకపోతే ఏమవుతుందో విమానయాన రంగానికి తెలిసినంతగా మరే రంగానికీ తెలియదు. 1978 డిసెంబరు 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానమొకటి అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం చేరవచ్చింది. దిగే చక్రాల విషయంలో సందేహం కలిగి, కెప్టెన్ విమానాన్ని సుమారు గంటసేపు ఆకాశంలోనే తిప్పినాడు. అతని మనస్సంతా చక్రాల మీదనే ఉన్నది. ఈలోగా ఇంధనం తరిగిపోతున్నది. పక్కన ఉన్న ఇరువురు సహాయకులకూ ఆ సంగతి తెలుసు. ఇంధనం మాట వారు ఎత్తినారు కూడా; కాని గట్టిగా, ఖండితంగా చెప్పలేకపోయినారు. చివరకు ఇంజన్లు ఒకటొకటిగా ఆగిపోయి విమానం ఊరిలోనే కూలింది. అందులో ఉన్న 189 మందిలో పదిమంది మరణించినారు.

విచారణ జరిపిన ప్రభుత్వ సంస్థ అక్కడ రెండు లోపాలను చూసింది. కెప్టెన్ తన వారి మాటను తగినంతగా పట్టించుకోకపోవడం ఒకటి. తెలిసిన ప్రమాదాన్ని తెలిసినంత గట్టిగా వారు చెప్పలేకపోవడం రెండవది. నాయకునికి వినడమూ, అనుచరులకు నిస్సంకోచంగా చెప్పడమూ నేర్పాలని అది సిఫారసు చేసింది. 1981 నుండి యునైటెడ్ సంస్థ అటువంటి శిక్షణ ప్రారంభించింది. క్రమంగా ప్రపంచమంతటా అది వ్యాపించింది. ఈనాడు కో-పైలట్ సందేహం చెబితే దానిని అవిధేయతగా ఎంచరాదని కెప్టెన్లకు నేర్పుతున్నారు. ఇంత విలువైన పాఠం విమానం ముందు గదిలో నేర్చుకున్నవారు, కార్యాలయపు పై అంతస్తులో దానిని మరచిపోతున్నారు. అక్కడ తరిగిపోయే ఇంధనం సిబ్బంది విశ్వాసం. దానిని కొలిచే ముల్లు అధికారి బల్లమీద లేదు. కింద పనిచేసేవారి నోట మాత్రమే ఉన్నది.

ఈ రోగానికి మందు లేకపోలేదు. కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ అనే అమెరికన్ సంస్థ 1983లో ఒకసారి, 1990లో ఒకసారి దివాలా కోర్టుకు ఎక్కింది. పదేండ్లలో పదిమంది అధినేతలు మారినారు. చెప్పిన మాట నిలుపుకునేవారు లేక, సిబ్బంది తమ చొక్కాల మీది సంస్థ గుర్తును చూసుకొని సిగ్గుపడే దశ వచ్చింది. 1994లో గోర్డన్ బెత్యూన్ అధినేత అయినాడు. అధికారుల అంతస్తుకు వేసి ఉన్న తాళాలు తీయించినాడు. ప్రతి చిన్న పనికీ ఉద్యోగి చేతులు కట్టివేసే లావుపాటి నియమావళిని ఆరుబయట ఉద్యోగుల చేతనే తగులబెట్టించినాడు.

అతడు చేసిన మరొక పనిలోని లెక్క గమనించదగినది. విమానాల ఆలస్యం వల్ల సంస్థకు నెలకు సుమారు 50 లక్షల డాలర్లు నష్టం. ప్రభుత్వం ప్రకటించే సమయపాలన పట్టికలో సంస్థ మొదటి అయిదు స్థానాలలోకి వచ్చిన ప్రతి నెలా, ఆ నష్టంలో సగాన్ని ఉద్యోగులకు పంచుతానని అతడు మాట ఇచ్చినాడు. తలకు 65 డాలర్లు. సామాన్లు మోసేవానికీ, టికెట్లు చూసేవానికీ ఒకే మొత్తం. పట్టిక అడుగున పడి ఉన్న సంస్థ 1995లో కొద్ది నెలలలోనే పైకి వచ్చింది. మాట ప్రకారం చెక్కులూ వచ్చినాయి. ఆ 65 డాలర్లతో ఎవరూ ధనవంతులు కాలేదు. పైనుండి వచ్చిన మాట ఒకటి నిజమైనదని వారు చాలాకాలానికి చూసినారు. 2010లో యునైటెడ్‌తో కలిసేదాకా ఆ సంస్థ తన పేరు నిలబెట్టుకున్నది.

అధికారులందరూ బెత్యూన్‌లు కానక్కరలేదు. కింది నుండి వచ్చిన ప్రతి మాటనూ అమలు జరపడం ఎవరికీ సాధ్యం కాదు. కాని ఆ మాట అందినదని చెప్పడం, ఫలానా తేదీలోగా ఔననో కాదనో తేల్చడం, కాదంటే కారణం తెలపడం, తేల్చినది నిలుపుకోవడం ఎంతటి సంస్థలోనైనా సాధ్యమే. నాయకుడు నెలకొకసారైనా కౌంటరు వెనుక నిలబడి, తన సంస్థ తరపున తానే ఒక గంటసేపు క్షమాపణ చెప్పి చూస్తే, పై అంతస్తులో ఎన్నో నిర్ణయాలు త్వరగా జరుగుతాయి.

ఉద్యోగులు సణుగుతున్నారని, ఉత్తరాలు వ్రాస్తున్నారని, సభలలో నిలదీస్తున్నారని అధినేతలు విసుగుకుంటూ ఉంటారు. ఆ సణుగుడు వినిపిస్తున్నంత కాలం సంస్థలో ఇంకా విదురులు ఉన్నారన్నమాట. అది ఆగిపోయిన దినాన అంతా సద్దుమణిగిందని పొంగిపోరాదు. చెప్పి చెప్పి అలసినవారు, చెప్పడం మానుకొని ఉంటారు. అధినేత భయపడవలసినది ఆనాడే.