1064కు ఒక్క ఫోన్

కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేట వైపు భూముల ధరలు మండిపోతున్నాయి. అలాంటి చోట లంచాల బెడదా ఎక్కువే. 2020 ఆగస్టులో మన జిల్లాలోనే కీసర తహసీల్దారు 1.10 కోట్ల రూపాయల లంచం కేసులో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కి పట్టుబడ్డారు.

ఎవరైనా లంచం అడిగితే ఏసీబీ నంబరు 1064కు ఫోన్ చేయండి. ఏసీబీ వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి ఇస్తారు. ఆ నోట్లు పుచ్చుకున్న చేతులను సోడా నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేస్తారు, కోర్టులో సాక్ష్యంగా పెడతారు. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడమూ నేరుగా నేరమైంది. కానీ బలవంతం మీద ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే శిక్ష ఉండదు. ఈ సంగతి తెలియకే ఎంతోమంది భయపడి నోరు మెదపడం లేదు. మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు) కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మీ పక్కింటివాళ్లకు ఇవాళే చెప్పండి.