వర్చువల్ మెషీన్‌ను ఆప్ట్ ప్యాకేజీగా ఇవ్వొచ్చా?

కడప నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా ల్యాబ్‌లో 40 డెబియన్ సిస్టమ్స్ ఉన్నాయి. ప్రాక్టీస్ కోసం చేసిన వర్చువల్ మెషీన్ ఇమేజ్‌ని డెబ్ ప్యాకేజీ చేస్తే, ఒక్క ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో పని అయిపోతుంది కదా?"

ఐడియా మంచిదే. ఆప్ట్ ముందు రిలీజ్ ఫైల్ మీద డిజిటల్ సంతకం చూస్తుంది, తర్వాత ప్యాకేజీ హ్యాష్ సరిపోయిందా అని చెక్ చేస్తుంది. పది చేతులు మారిన పెన్‌డ్రైవ్‌కి ఆ గ్యారంటీ ఎక్కడిది? కానీ మూడు చిక్కులున్నాయి.

ఒకటి, సైజు. ఇమేజ్ 3 జీబీ అనుకోండి. దించిన డెబ్ ఫైల్ ఒకటి, విప్పిన కాపీ ఇంకోటి. రెండింటికీ డిస్క్‌లో జాగా కావాల. పైగా డెబ్ లోపల ఉండేది పాత ఏఆర్ ఫార్మాట్. అందులో ఫైల్ సైజు రాయడానికి 10 అంకెల చోటే ఉంది, అంటే 10 జీబీ లోపే.

రెండు, అప్‌డేట్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి చిన్న ఫిక్స్ వస్తే మామూలు సిస్టమ్‌లో కొన్ని ఎంబీలతో పోతుంది. ఇక్కడ మొత్తం 3 జీబీ మళ్లీ దించాల. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వాడే హాస్టల్ పిల్లోనికి అది రెండు రోజుల డేటా! మన కేసీ కెనాల్ కథే. సుంకేసుల దగ్గర నీళ్లు ఎన్నున్నా, చివరి ఆయకట్టుకు ఎంత చేరిందన్నదే లెక్క.

మూడోదే అసలు ప్రమాదం. చాలామంది బేస్ ఇమేజ్‌ని ముట్టుకోకుండా, మార్పులన్నీ క్యూకౌ2 ఓవర్‌లే ఫైల్‌లో పెడతారు. డ్రాయింగ్ షీట్ మీద ట్రేసింగ్ పేపర్ వేసి గీసినట్టు. ఇప్పుడు ఆప్ట్ అప్‌గ్రేడ్ వచ్చి కింద షీట్‌నే మార్చేస్తే? పైన గీతలు దేనికీ అతకవు. మళ్లీ బూట్ చేస్తే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. ప్రాజెక్ట్ రివ్యూ ముందు రాత్రి ఇలా అయితే సెమిస్టర్ కష్టమంతా పాయె.

మరి ఏం చేయాల? ప్యాకేజీలో చిన్న స్క్రిప్ట్, ఇమేజ్ అడ్రస్, దాని హ్యాష్ మాత్రం పెట్టండి. ఇమేజ్ విడిగా దిగాల. డెబియన్ కూడా తన క్లౌడ్ ఇమేజ్‌లను వేరే సైట్‌లోనే ఇస్తుంది. 2025 మార్చిలో పిక్సెల్ ఫోన్లకు వచ్చిన లైనక్స్ టెర్మినల్ కూడా అంతే, మొదటిసారి తెరిచినప్పుడే డెబియన్ ఇమేజ్ దించుకుంటుంది.

ల్యాబ్‌లో ఒక్క సిస్టమ్‌లో దించి, మిగతా 39కి లోకల్ నెట్‌వర్క్ మీద పంపండి. ప్రతి బేస్ ఫైల్ పేరులో వెర్షన్ నంబర్ ఉండాల. దాని మీద ఒక్క ఓవర్‌లే ఉన్నా సరే, పాత బేస్‌ని డిలీట్ చేయొద్దు.

మీ కాలేజీలో ఎలా చేస్తున్నారో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ స్క్రిప్ట్ కలిసి రాద్దాం. ఉంటా మరి!