గిటారు మోగింది, పేరు మాయమైంది

(వాడలో సాయంత్రం జరిగిన సమావేశంలో మేము చేసిన ప్రసంగ పాఠం)

 

ఎప్పుడూ కూలి రేట్ల గురించో, పట్టాల గురించో మాట్లాడే మేము ఇవాళ అమెరికాలో గిటారు వాయించే ఒక నల్ల పెద్దాయన గురించి మాట్లాడతామంటే పొద్దున కొందరు నవ్వారు. మనకూ ఆయనకూ ఏం చుట్టరికం అన్నారు. నవ్వండి, ఫర్వాలేదు. కాకపోతే చివరిదాకా వినండి.

ఆయన పేరు బడ్డీ గై. 1936 జూలై 30న లూసియానా రాష్ట్రంలో లెట్స్‌వర్త్ అనే పల్లెలో పుట్టాడు. తల్లిదండ్రులు పాలుకి సేద్యం చేసేవాళ్లు. భూమి దొరది, చెమట వీళ్లది. పంటలో దొర పాలు పోగా మిగిలింది అప్పుల్లో పోయేది. బానిసత్వం 1865లోనే చట్టం ప్రకారం రద్దయింది. అయినా ఆయన పెరిగే నాటికి నల్లవాళ్లకు వేరే బడి, వేరే నీళ్ల కుళాయి, బస్సులో వెనక సీటు. ఇది మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడే చేలో పత్తి ఏరాడు. గిటారు కొనే దారి లేక, కిటికీకి కొట్టిన దోమల జాలీ లోంచి తీగ పీకి, రెండు తీగల వాయిద్యం తనే కట్టుకున్నాడు. పిల్లోడు కిటికీ పాడుచేశాడని ఇంట్లో తిట్టే ఉంటారు. దోమలు మాత్రం సంతోషించి ఉంటాయి!

ఆయన వాయించే పాటను బ్లూస్ అంటారు. పత్తి చేలల్లో, కట్టల మీద, జైళ్లలో పనిచేసిన నల్లవాళ్ల గొంతులోంచి పుట్టిన పాట అది. ఒక చరణం పాడతారు, అదే మళ్లీ పాడతారు, మూడోదానితో జవాబు చెబుతారు. మన దగ్గర నాట్లేసేటప్పుడు ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు చూడండి, అట్లాగే గొంతు ఎత్తుకుంటుంది, గిటారు అందుకుంటుంది. తీగను వేలితో పక్కకు నెట్టి స్వరాన్ని వంచుతారు. అప్పుడు తీగ మనిషి మూలిగినట్టు మూలుగుతుంది. ఇంతవరకు తెలిస్తే చాలు, వినడానికి కూర్చోవచ్చు.

మేము ఈయన్ని తలకిందులుగా విన్నాం. ఫోన్‌లో వెతికితే ముందు దొరికేవి పేరొచ్చాక చేసిన రికార్డులే. 1991లో వచ్చిన 'డామ్ రైట్, ఐవ్ గాట్ ద బ్లూస్' మొదట పెట్టాం. అందులో ఎరిక్ క్లాప్టన్, జెఫ్ బెక్, మార్క్ నాఫ్లర్ అనే పేరుమోసిన తెల్ల గిటారిస్టులు వచ్చి తోడు వాయించారు. దానికి గ్రామీ అవార్డు వచ్చింది. గిటారు మోత పెద్దది, కొడవలికి పెట్టిన సాన లాంటిది. మాలో ఒక తమ్ముడు అన్నాడు, "అన్నా, ఈయన ఆ తెల్లోళ్ల దగ్గర నేర్చుకున్నట్టుంది" అని. నిజం చెప్పాలంటే మేమూ అట్లాగే అనుకున్నాం. ఆ అనుమానం తీర్చుకోడానికే వెనక్కి నడిచాం.

వెనక్కి పోతే ఏం కనపడింది?

1957 సెప్టెంబరులో ఈయన రైలెక్కి చికాగో చేరాడు. 1910 నుంచి 1970 దాకా దక్షిణాది పల్లెలు వదిలి ఉత్తరాది పట్నాలకు పోయిన అరవై లక్షల మంది నల్లవాళ్లలో ఈయనొకడు. పని లేదు, తిండి లేదు. అప్పటికే పెద్ద పాటగాడైన మడ్డీ వాటర్స్ ఈయన ఆకలి చూసి రొట్టె పెట్టాడు. 1960లో చెస్ అనే కంపెనీ ఈయనతో రికార్డులు మొదలుపెట్టింది. క్లబ్బుల్లో ఈయన గిటారుకు పొడుగాటి వైరు తగిలించుకుని జనం మధ్యనుంచి నడుస్తూ, వీధిలోకి కూడా పోయి వాయించేవాడు. ఆ మోతకు కుర్రాళ్లు పిచ్చెక్కిపోయేవాళ్లు. కంపెనీ యజమాని లియొనార్డ్ చెస్ మాత్రం అది వట్టి రొద అన్నాడు, రికార్డులో అట్లా వాయించనియ్యలేదు. ఎక్కువగా వేరేవాళ్ల పాటలకు వెనక కూర్చోబెట్టి వాయించుకున్నారు. 1964లో వచ్చిన మడ్డీ వాటర్స్ 'ఫోక్ సింగర్' వినండి. గొంతు పక్కన పిల్లిలా అడుగులేసే ఆ గిటారు ఈయనదే. చాలా ఏళ్లు పగలు చెడిపోయిన బండ్లను లాక్కెళ్లే లారీ నడిపాడు, రాత్రి గిటారు వాయించాడు.

1965లో జూనియర్ వెల్స్ అనే నోటి హార్మోనియం వాయించే మిత్రుడితో కలిసి 'హూడూ మ్యాన్ బ్లూస్' అనే రికార్డు చేశాడు. అది వేరే కంపెనీ, డెల్మార్క్. అక్కడ క్లబ్బులో ఎట్లా వాయిస్తారో అట్లాగే వాయించనిచ్చారు. రికార్డు అద్భుతం. కానీ చెస్‌తో ఒప్పందం ఉంది కదా, అందుకని మొదటి ముద్రణ అట్ట మీద బడ్డీ గై పేరు వెయ్యలేదు. 'ఫ్రెండ్లీ చాప్' అని వేశారు. అంటే స్నేహశీలి అని! చెయ్యి ఆయనది, గిటారు ఆయనది, పేరు మాత్రం ఎవరిదీ కాదు.

ఈలోపల ఏం జరిగింది? ఇంగ్లండులో తెల్ల కుర్రాళ్లు ఈయన వాయింపు విని నేర్చుకున్నారు. నల్లవాడే అయిన జిమి హెండ్రిక్స్, అప్పటికే పేరొచ్చినవాడు, 1968లో ఈయన వాయిస్తుంటే టేపు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. రొద అన్న మోతే బజారులో లక్షలకు అమ్ముడుపోయింది. అప్పుడు లియొనార్డ్ చెస్ తనను పిలిచి, తిరిగి నిలబడి వంగి, తన్నమన్నాడని బడ్డీ గై చాలాసార్లు చెప్పాడు. తన్నమన్నాడు గాని పోయిన ఏళ్లు తిరిగివ్వలేదు. ఆ కంపెనీలో ఈయన సొంత పేరు మీద వచ్చిన ఆల్బమ్ ఒక్కటే, 1967లో.

ఇక్కడ ఒక మాట. ఆ తెల్ల కుర్రాళ్లు దొంగలని మేము అనడం లేదు. క్లాప్టన్ లాంటివాళ్లు ఈయన గొప్పతనాన్ని నలుగురిలో చెప్పారు. మేము అడిగేది వేరే. నేర్చుకున్నవాడికి ముందు తలుపు తెరుచుకుని, నేర్పినవాడికి యాభై అయిదో ఏట ఎందుకు తెరుచుకుంది? 1980లలో అమెరికాలో ఈయన చేత కొత్త రికార్డు చేయించడానికి పెద్ద కంపెనీ ఏదీ ముందుకు రాలేదు.

కొత్తగా వినేవాళ్లకు మా సలహా. ముందు 'హూడూ మ్యాన్ బ్లూస్' వినండి. తర్వాత 'ఫోక్ సింగర్'. 1968 నాటి 'ఎ మ్యాన్ అండ్ ద బ్లూస్' మూడోది. ఆ తర్వాతే 1991కి రండి. ఆఖర్న 2001లో వచ్చిన 'స్వీట్ టీ' పెట్టండి. అందులో మొదటి పాట ముసలితనం మీద. మోత లేదు, ఆర్భాటం లేదు, ఒక గొంతు, ఒక గిటారు. మా దగ్గర అది విన్న ఒక పెద్దమ్మకు ఒక్క ముక్క భాష తెలియదు. "ఈయన బాగా పని చేసినోడురా" అంది. అంతకంటే మేము చెప్పగలిగింది లేదు.

2018లో లెట్స్‌వర్త్ దగ్గర రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. 2025లో సరిగ్గా ఎనభై తొమ్మిదో పుట్టినరోజున ఇంకో ఆల్బమ్ తెచ్చాడు. బ్లూస్‌తో నా పని ఇంకా అయిపోలేదని దాని పేరుకు అర్థం.

ఇక మన సంగతి. మన అమ్మల పాటలు, మన డప్పు దరువులు ఎన్నిసార్లు ఎవరెవరి నోటో, ఎవరెవరి తెర మీదో వినలేదు? కింద 'జానపదం' అని ఉంటుంది. జానపదం అంటే ఎవరు? ఏ ఊరు? అది మన 'ఫ్రెండ్లీ చాప్'. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుంది. ఇక నుంచి ఎవరి పాట రికార్డు చేసినా ముందు పాడేవాళ్ల పేరు, ఊరు, తేదీ వాళ్ల నోటితోనే చెప్పించండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. ఆ తర్వాతే దరువు మొదలెట్టండి.

రేపు మన మనవడు ఆ పాట విని, "ఈమె ఎవరి దగ్గర నేర్చుకుంది?" అని తలకిందులుగా అడగకూడదు. పేరు ముందు వినపడాలి. జై భీమ్!