ప్రతిమకు ప్రమాణమే ప్రాణము



ధూల్‌పేట విగ్రహకారులు జానెడు గణపతినైనను, నిలువెత్తు గణపతినైనను పొంకము చెడక తీర్చుదురు. శిల్పశాస్త్రమున తాళమునకు 12 అంగుళములు. నవతాళ ప్రతిమకు 108. అమెరికా పాత లారీల నమూనాలను కూర్చువారికిని ప్రమాణమే దిక్కు. అసలు బండిలో 25వ వంతు వారికి పరిచితమైన కొలత.

ఆ లారీలలో కొన్నింటికి డ్రైవరు గది యింజనుపైననే యుండును. బండి పొడవునకు చట్టములు హద్దు విధించుటచే, ముందుభాగమును కుదించి సరకునకు చోటు మిగిల్చిరి. 1982 నాటి సమాఖ్య చట్టముచే ముఖ్య రహదారులపై ఆ హద్దు తొలగగా, అవి అచట క్రమముగా అరుదైనవి.

గది ముందుకు వంగి యింజను కనబడునట్లు నమూనా కూర్చిన బాలుడు ఆ కారణమును మరువడు. కావున లెక్కలు వ్రాయుచు తల నెరసిన నా కోరిక యొక్కటే: ఈ గ్రంథాలయమున బీరువా ప్రక్కన పనిబల్లయు, కొలబద్దయు నుండవలెను. చేతికి రాని చదువు సగము చదువే.