ప్రవేశపరీక్షలు – స్వయంకృషి
(మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విద్య యావశ్యకమని యీ వేదికపై చెప్పని వక్త లేడు. విని తల యూపని సభ్యుడును లేడు. కావున నా మాటను విడిచి, ప్రతి వేసవియందును మన యిండ్లలో కలత పుట్టించుచున్న కళాశాలా ప్రవేశపరీక్షలను గూర్చి మాత్రమే ముచ్చటించెదను. పూర్వము ఎంసెట్ అనబడిన ఎప్‌సెట్, జేఈఈ, నీట్ అను నీ పరీక్షలకై యెకరము పొలమమ్మి బిడ్డను దూరపట్టణమున కోచింగు కేంద్రములో చేర్చువారు మనలో నున్నారు. అమ్ముటకు ఎకరమైనను లేనివారు, ఇది మనకు ప్రాప్తము కాదని మొదటనే విరమించుకొనుచున్నారు. ఈ రెండవవారికొరకే నా యుపన్యాసము. ఇంటనుండి తనంతట తాను చదివి మార్కులు పెంచుకొను మార్గము కలదు. అది శ్రమతో కూడినదే కాని, దాని వెల పొలము కాదు.

ముందుగా పరీక్షనే పరీక్షింపవలెను. మన పిల్లలు మూడింటికిని ఒకే విధముగ సిద్ధపడుచున్నారు. 2025 నాటి లెక్క చూడుడు. ఎప్‌సెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు. అనగా ప్రశ్నకు 67 సెకండ్ల పైచిల్లర. ఇంజనీరింగువారికి అందులో సగము గణితమే. తప్పునకు కోత లేదు. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకు 75 ప్రశ్నలు. ప్రశ్నకు 144 సెకండ్లు. నీట్‌లో 180 నిమిషములకు 180 ప్రశ్నలు, 720 మార్కులు, సగము జీవశాస్త్రము. ఈ రెండింటను ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 కోత. ఒకటి పరుగు, మరియొకటి ఆలోచన, వేరొకటి జ్ఞాపకము. మూడింటికి ఒకే సాధన చాలునా?

కోత లేని పరీక్షలో ఒక్క ప్రశ్ననైనను ఖాళీగా విడుచుట అవివేకము. కోత గల పరీక్షలో, నాలుగు జవాబులలో రెండు కావని నిశ్చయముగా తెలిసినచో, మిగిలిన రెండింటిలో నొకటి గుర్తించుట లాభమే. అట్టివి రెండు చేసిన, సగటున నొకటి ఒప్పు, ఒకటి తప్పు, చేతికి 3 మార్కులు. ఏమియు తెలియక నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గుర్తు పెట్టినచో సగటున మిగులునది ఒక్క మార్కు. అదృష్టము వికటించిన, ఉన్నవానిలోనుండి నాలుగు పోవును. ఈ మాత్రపు లెక్కకు గురువక్కరలేదు.

ఇక చదువు. మన పిల్లలు చదువుట యనగా పుస్తకమును మరల మరల త్రిప్పుట. నాలుగుమారులు చదివిన పాఠము కండ్లకు పరిచితమై, వచ్చినట్లే తోచును. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అను మనశ్శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. కొందరు విద్యార్థులచే ఒక పాఠమును నాలుగు దఫాలు చదివించిరి; కొందరిచే ఒక దఫా చదివించి, మూడు దఫాలు పుస్తకము చూడక జ్ఞాపకమున్నంత వ్రాయించిరి. అయిదు నిమిషముల తరువాత అడిగినప్పుడు చదివినవారిదే పైచేయి. వారము గడచినపిమ్మట చదివినవారికి నూటికి 40 పాళ్లు, వ్రాసినవారికి 61 పాళ్లు జ్ఞాపకముండెను. మన పరీక్ష అయిదు నిమిషములకు వచ్చునది కాదుకదా! పుస్తకము మూసి, తెల్లకాగితముపై వ్రాసికొని, తరువాత తెరచి సరిచూచుకొనుటయే చదువు.

దీనికంటెను ముఖ్యమైనది తప్పుల పుస్తకము. గత సంవత్సరముల ప్రశ్నపత్రములను గడియారము ముందుంచుకొని, మూడు గంటలు లేవక చేయవలెను. అది సగము పని. మిగిలిన సగము మరునాడు: తప్పిన ప్రతి ప్రశ్నను ఒక నోటుపుస్తకమున నెక్కించి, ఎందుకు తప్పెనో ప్రక్కన వ్రాయవలెను. పాఠము తెలియక తప్పెనా? సెంటీమీటర్లను మీటర్లుగా మార్చుట మరచితినా? “సరికానిది ఏది” అనిన “సరియైనది” అని చదివితినా? సమయము చాలక తొందరపడితినా? నాలుగు పత్రములైన పిమ్మట కారణములను లెక్కించిన, రోగమెక్కడనో బయటపడును. కూడికలలో తప్పువాడు క్రొత్త అధ్యాయములు చదివి ప్రయోజనమేమి? తొందరపడువానికి గణితము రాదని తలిదండ్రులు నిందించి ప్రయోజనమేమి? ఆ తప్పిన ప్రశ్ననే మూడు దినములకొకమారు, పక్షమునకొకమారు జవాబు చూడక మరల చేయవలెను. వందమందికి ఒకే పాఠము చెప్పు కేంద్రమున ఒక్కొక్కని తప్పును విడదీసి చూచు తీరిక యెవరికుండును? ఈ పని విద్యార్థి తనకు తానే చేసికొనవలసినది.

తెలుగు మాధ్యమమున చదివినవారికొక మాట. నీట్, జేఈఈ మెయిన్ ప్రశ్నలు తెలుగునను లభించును. కాని అనువాదమున సందేహము కలిగినచో ఆంగ్లపాఠమే ప్రమాణము. కావున “కిరణజన్య సంయోగక్రియ” అని నేర్చిననాడే “ఫోటోసింథసిస్” అనియు నేర్వవలెను. ఎప్‌సెట్, జేఈఈలు కంప్యూటరు ముందు కూర్చుండి వ్రాయవలసినవి. తెరపై ప్రశ్న చదివి ప్రక్కకాగితముపై లెక్క చేయుట అలవాటు లేని పల్లెబిడ్డకు మొదటి పావుగంట తడబాటుతోనే సరిపోవును. కేంద్రప్రభుత్వమువారును కాన్పూరు ఐఐటీవారును నడపు ‘సాథీ’యందు పాఠములును, అభ్యాసపరీక్షలును ఉచితముగ నున్నవి.

ఇచటి తల్లులకు ప్రత్యేకముగ విన్నవించుచున్నాను. కుమారుని దూరము పంపి, కుమార్తెను ఇంటనే చదువుకొమ్మనుట మనలో పరిపాటి. ఆమెకు మిగిలినది స్వయంకృషియే. అయిన నామె పుస్తకము తెరచినంతనే నీళ్లు తెమ్మనియు, చంటివానిని చూడుమనియు పిలుపు! దినమునకు మూడు గంటలు ఆమెను పిలువకుండుట ఏ ఫీజుకంటెను విలువైన సాయము. అన్నగారికి దొరకిన యేకాంతము చెల్లెలికేల దొరకరాదు?

స్వయంకృషి యనగా గురువే వలదని కాదు. ఎంత యాలోచించినను విడని ముడి వారమునకు పదియైన మిగులును. మన సంఘమున అధ్యాపకులున్నారు, ఇంజనీర్లున్నారు, వైద్యులున్నారు. వారు చందా వ్రాయుటతో తృప్తిపడక, ఆదివారమునాడు రెండు గంటలు మన విద్యార్థివసతి గృహమునకు వచ్చి, పాఠము చెప్పనక్కరలేదు, పిల్లల తప్పుల పుస్తకములను చూచిన చాలును. ఏటేట ర్యాంకులు వచ్చినవారికి బంగారు పతకములిచ్చుచున్నాము. వారికి మన పతకమక్కరలేదు, కళాశాల దొరకినది. ఒక్క యేడు ఆ సొమ్ముతో రెండు కంప్యూటర్లును, పది సంవత్సరముల ప్రశ్నపత్రములును కొని, పఠనాలయమును రాత్రి పదిగంటలవరకు తెరచియుంచుటకు, ఆడపిల్లలకు పగటివేళ ప్రత్యేకించి కొంత స్థలమిచ్చుటకు ఒక తీర్మానము వ్రాసి కార్యదర్శిగారికి అందజేసితిని. రేపటి విషయనిర్ధారణ సభలో అది చర్చకు వచ్చును. ఆదివారములలో రాగలవారు తమ పేర్లను నేటి సాయంకాలములోపుగా ద్వారమువద్ద నున్న పుస్తకమున వ్రాయవలసినదిగా కోరుచున్నాను. మొదటి పేరు నాది వ్రాసియున్నాను.