బాంజోకు రాక్ జోరు

1971లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయివిల్ నగరంలో కొందరు కుర్రాళ్లు ‘న్యూ గ్రాస్ రివైవల్’ అనే బృందం కట్టారు. వారు ఎంచుకున్నది కెంటకీకే చెందిన బిల్ మన్రో తీర్చిదిద్దిన బ్లూగ్రాస్ బాణీ. అందులో బాంజో, ఫిడేలు, మాండలిన్, గిటార్, బేస్ వినిపిస్తాయి. మామూలుగా డ్రమ్స్ ఉండవు.

మరి ఈ బృందం పాటల్లో రాక్ దరువు ఎక్కడిది?

బృంద సభ్యుడు సామ్ బుష్ మాండలిన్‌లోంచి! మన పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక రాగాలు పలికించిన వాయిద్యమే. బుష్ తీగలన్నింటినీ ఒక్కసారిగా మీటి, వెంటనే ఎడమచేతి వేళ్ల పట్టు సడలించి మోత ఆపేస్తారు. ఆ ‘టక్’ శబ్దమే డ్రమ్ము పని చేస్తుంది. కిటుకు మన్రో నాటిదే. బుష్ దాన్ని రాక్ వైపు మళ్లించారు.

1972 నాటి తొలి ఆల్బమ్‌లోనే జెర్రీ లీ లూయిస్ రాక్ అండ్ రోల్ పాటను పరుగులెత్తించారు. సంప్రదాయవాదులకు ఆ పాటలూ నచ్చలేదు, ఆ కుర్రాళ్ల పొడవాటి జుట్టూ నచ్చలేదు. రాక్ గాయకుడు లియాన్ రస్సెల్ మాత్రం ఈ బృందాన్ని తన పర్యటనలకు వెంటబెట్టుకెళ్లారు. 1981లో బాంజో వాద్యకారుడు బేలా ఫ్లెక్ చేరాక జాజ్ పోకడలూ వచ్చాయి.

1989 డిసెంబర్ 31న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం కచేరీకి ముందు వాయించి, బృందం విడిపోయింది. బుష్ తర్వాత సొంత బృందంతో ఊరూరా తిరిగారు.